గుర్రం బేరం, కారు బేరం

ఏపీ 22 సంఖ్యతో మొదలయ్యే పాత మహబూబ్‌నగర్ కార్లు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు రోడ్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంటాయి. 2014కు ముందు రిజిస్టరైన ఆ బండ్లలో అనేకం పదిహేనేళ్ళ గడువు దాటాయి, మిగిలినవి దాటబోతున్నాయి. గడువు తీరిన బండిని తనిఖీ చేయించి, అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. అందుకే బండి మార్చాలన్న ఆలోచన చాలా ఇళ్ళలో నడుస్తోంది. మోసపోకుండా ఎలా కొనాలని అడిగేవారు ఎందరో. మోసగించకుండా ఎలా అమ్మాలని అడిగేవారు అరుదు.

వనపర్తికి చెందిన ఒక దంపతులు అలా అడిగారు. వారి పాత కారు ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతుంది. చిక్కటి ఆయిల్ పోసి, తెల్లవారుజామున చల్లటి వేళ చూపిస్తే ఎవరికీ తెలియదని మెకానిక్ సలహా ఇచ్చాడట. “కొనేవాడు తన మెకానిక్‌ను తెచ్చుకుంటాడు కదా మౌలానా! చూసుకోవలసిన బాధ్యత అతనిదే కాదా?” అని భర్త వాదన. “రేపు ఆ బండిలో ఎవరి పిల్లలు కూర్చుంటారో!” అని ఆమె అన్న మాటకు ఆయన వద్ద జవాబు లేదు.

దైవప్రవక్త (స) మదీనా అంగడిలో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. కొనేవాడు చేయి పెట్టి చూసుకోవాలని అనలేదన్నది గమనించండి. అమ్మకానికి ముందు కొన్నాళ్ళు పాలు పితకకుండా పొదుగు నిండుగా కనిపించేలా చేయడాన్నీ ఆయన (స) నిషేధించారు. కిలోమీటర్ల మీటరును వెనక్కి తిప్పడం దానికి సొంత తమ్ముడు. అలాంటి పశువును తిప్పి పంపే విషయంలో ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది గాని, ఆ పని పాపమనడంలో ఎవరికీ భేదం లేదు.

“ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాను, ఏ లోపానికీ నాది పూచీ కాదు” అనే షరతు సంగతేమిటని కొందరు తెలివిగా అడుగుతారు. మన హనఫీ ఫిఖహ్‌లో ఆ షరతు చెల్లుతుంది. అయితే తెలిసిన లోపాన్ని దాని చాటున దాచినవాడు అల్లాహ్ ఎదుట తప్పించుకోలేడు.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) సేవకుడు ఆయన కోసం మూడు వందల దిర్హమ్‌లకు ఒక గుర్రాన్ని బేరమాడి తెచ్చిన సంఘటనను ఇమామ్ తబరానీ ఉల్లేఖించారు. నీ గుర్రం అంతకంటే ఎక్కువ చేస్తుందని జరీర్ (రజి) అమ్మేవాడితో అన్నారు. ధర పెంచుకుంటూ పోయి చివరకు ఎనిమిది వందలు ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని ప్రవక్త (స)కు ఇచ్చిన మాట ఆయనకు గుర్తుంది. మన బేరగాళ్ళు ఈ కథ వింటే నవ్వుతారేమో!

ఇక కొనడం. గద్వాల వైపు రాయచూరు నుండి కేఏ 36 బండ్లు వస్తుంటాయి. ధర తక్కువని సంబరపడే ముందు, అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఇక్కడ చెల్లించాల్సిన జీవితకాల పన్ను లెక్కలోకి తీసుకోండి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు పేరు ఆర్‌సీ నుండి తొలగించారో లేదో చూడాలి. సీట్ల కింద, తివాచీ ఎత్తి, ఎండిన బురద, తుప్పు వెతకండి. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీల్లో ఎన్నో కార్లు నీట మునిగాయి. మీటరు తక్కువ చూపిస్తూ పెడళ్ళ రబ్బరు అరిగిపోయి ఉంటే అనుమానించండి. ఒప్పందంలో మూడు రోజుల ఖియార్, అంటే తిప్పి ఇచ్చే హక్కు, రాయించుకోవడం ఉత్తమం. షరీఅత్ ఇచ్చిన ఈ సౌకర్యాన్ని మనవాళ్ళు వాడుకోవడమే లేదు.

అమ్మిన బండి కాగితాలను కొన్నవాడి చేతికిచ్చి మరచిపోవద్దు. పలు చేతులు మారిన ఒక కారు ప్రమాదం చేస్తే, ఆర్‌సీలో పేరున్న మొదటి యజమానే పరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

వడ్డీ అప్పు వద్దనుకున్న ఆ దంపతులు తక్కువపడిన సొమ్ముకు ఆమె నగలు అమ్మాలనుకున్నారు. ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడాను. మహర్‌గా ఇచ్చిన బంగారం ఆమె సొంత ఆస్తి. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తేనే భర్తకు ధర్మసమ్మతమని దివ్యఖుర్ఆన్ నిసా సూరా స్పష్టం చేస్తుంది. ఇంట్లోవారి ముందు మొహమాటానికి తలూపడం మనస్ఫూర్తి కాదు. పాలు మాన్పించడం వంటి విషయంలోనే భార్యాభర్తలు సంప్రదించుకోవాలని బఖరా సూరా చెబుతుంటే, ఆమె మెడలోని బంగారం సంగతి వేరే చెప్పాలా? ఆ సొమ్ము కానుకా, అప్పా, బండిలో వాటానా అన్నది ముందే తేల్చుకుని కాగితం మీద పెట్టమన్నాను.

ఆమె వాటా అంది. వేడెక్కే సంగతి ముందే చెప్పి పాత కారు అమ్మితే ఇరవై వేలు తగ్గాయి. కొన్నవాడు ఒక మెకానిక్కే. ఇంజిన్ విప్పి బాగుచేసుకుంటానన్నాడు. కొత్తగా వచ్చిన బండి టీఎస్ 32, రెండో చేతిది. ఆర్‌సీ ఆమె పేరున ఉంది.