శాలువా సరే, చందా ఏది?



స్త్రీవాద రచయిత్రులంటే మన పాఠకులకు గౌరవం లేదని ఎవరూ అనలేరు. సభల్లో శాలువాలు కప్పుతాం, ఫేస్‌బుక్‌లో పొగుడుతాం. పుస్తకం మాత్రం ఆవిడే సంతకం చేసి ఊరికే ఇస్తుందని ఎదురుచూస్తాం. తెలుగులో పుస్తకం వేసుకోవడమంటే చాలామందికి అచ్చు ఖర్చు తామే భరించి, కట్టలు ఇంట్లో పేర్చుకుని, తెలిసినవాళ్లకు పంచిపెట్టడమే. దానికి సాహిత్యసేవ అని పేరు. ఇంటిచాకిరీకి విలువ కట్టరేమని నిలదీసిన సాహిత్యాన్నే మనం వెట్టికి రాయించుకుంటున్నాం. స్వతంత్రంగా రాసే స్త్రీవాదులకు పాఠకులు డబ్బు చెల్లించాలి, అదీ విరాళంగా కాక ఖరీదుగా చెల్లించాలి అన్నది నా వాదన.

ఆడమనిషి రాయాలంటే సొంత గది, ఏడాదికి 500 పౌండ్లు ఉండాలని ఇంగ్లిషు రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్ 1929లో ఒక పుస్తకంలో రాసింది. గది మాట అందరం గుర్తుపెట్టుకున్నాం, పౌండ్ల మాట జారవిడిచాం. ఆ పుస్తకంలో కథకురాలికి ఆ డబ్బు వీలునామా ద్వారా వస్తుంది. రాసిపెట్టిన బంధువు మేనత్తో, పెద్దమ్మో ఇంగ్లిషు మాటను బట్టి తేలదు గానీ, బొంబాయిలో గుర్రం మీంచి పడి పోయిందట. అలాంటి బంధువు మనలో ఎందరికుంది? ఇక్కడ ఆ పౌండ్ల స్థానంలో ఉన్నది లెక్చరర్ ఉద్యోగమో, బ్యాంకు ఉద్యోగమో, భర్త జీతమో. 2024 నాటి కేంద్రప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఉద్యోగమూ ఆ 289 నిమిషాలూ పోగా మిగిలిన రాత్రిలో రాయాలి. అంటే రాతకు డబ్బివ్వకపోవడం వల్ల రచన ఆగిపోదు. ఎవరు రాయగలరో ముందే తేలిపోతుంది, అంతే. తెలంగాణ సాయుధపోరాటంలోని స్త్రీల అనుభవాలను వాళ్ల నోటనే చెప్పించి స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. అంత పని చేసినవారిలో విశ్వవిద్యాలయ ఉద్యోగాలున్న వాళ్లు ఉన్నారు. అది తప్పని కాదు, ఆ జీతాలే లేకపోతే ఆ పుస్తకం ఏమయ్యేదో అని. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవాటిని గోగు శ్యామల 'నల్లపొద్దు'గా కూర్చారు. అలాంటి సంకలనం కోసం శతాబ్దం మారేదాకా ఆగాల్సి వచ్చింది; రాసే మనుషులు లేక మాత్రం కాదు.

పాఠకులు ఇవ్వకపోతే ప్రకటనదారు ఇస్తాడు కదా అంటారు. 1972లో అమెరికాలో మొదలైన స్త్రీవాద పత్రిక 'మిజ్' ఆ ముచ్చటా తీర్చుకుంది. తిండి సరుకుల కంపెనీలు పక్కనే వంటకాలు వేయమన్నాయి, సౌందర్యసాధనాల కంపెనీలు అందం గురించి వ్యాసాలు అడిగాయి. సోవియట్ ప్రభుత్వం దేశం నుంచి వెళ్లగొట్టిన స్త్రీవాదులను ముఖచిత్రంగా వేస్తే, వాళ్లకు మేకప్ లేదని రెవ్లాన్ ప్రకటన ఇవ్వలేదని సంపాదకురాలు గ్లోరియా స్టైనమ్ రాశారు. చివరికి 1990లో ప్రకటనలన్నీ మానేసి చందాల మీద నడపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చందాలతోనే సర్వం సాగిందని చెప్పను. 2001 నుంచి దాన్ని ఒక స్త్రీవాద సంస్థ నడుపుతోంది, విరాళాలూ తీసుకుంటోంది. కానీ ముఖచిత్రం మీద మేకప్ ఉందా లేదా అని అడిగే హక్కు బయటివాడికి పోయింది.

విరాళాలంటే మన దగ్గర ఇంకో చిక్కు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం రిజిస్టరైన పత్రికల సంపాదకులు, యజమానులు, ప్రచురణకర్తలు, కాలమిస్టులు విదేశీ విరాళం తీసుకోకూడదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు అభిమానంతో పంపే సొమ్ము కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అదే మనిషి మామూలుగా వెలకట్టి పుస్తకం కొంటే, చందా కడితే అది విరాళం కాదు. సంఘాల సావనీర్లకు ధారాళంగా ఇచ్చేవాళ్లు ఈ తేడా గమనించాలి. పైగా విరాళం ఇచ్చినవాడికి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఖరీదు కట్టినవాడికి రచన ఇస్తే చాలు.

డబ్బు కట్టిన పాఠకులు మాత్రం పెత్తనం చేయరా అన్న ప్రశ్న బరువైనదే. చేస్తారు. నచ్చని వ్యాసం వస్తే చందా ఆపేస్తామని ఉత్తరాలు రాస్తారు. అయితే వెయ్యిమందిలో పదిమంది మానేస్తే పత్రిక పక్క నెల కూడా వస్తుంది, ఒక్క పెద్ద ప్రకటనదారు మానేస్తే రాదు. ఇక ఎవరికోసం రాస్తున్నారో ఆ పేద స్త్రీలే కొనలేరన్న అభ్యంతరం. నిజమే, వాళ్లను కొనమని ఎవరూ అనడం లేదు. కొనగలిగినవాళ్లు వాట్సాప్‌లో పీడీఎఫ్ కోసం ఎదురుచూడటం మానితేనే, ఊరి లైబ్రరీకి ఒక కాపీ ఉచితంగా పంపే స్తోమత రచయిత్రికి వస్తుంది. హైదరాబాదులో 1993లో మొదలైన 'భూమిక' వంటి పత్రికలు మనకు ఉన్నాయి. వాటికి చందా కట్టడం కష్టమైన పనేమీ కాదు.

పాఠకులకు ఇంత చెప్పాక సంపాదకులైన మిమ్మల్ని వదిలేస్తే న్యాయం కాదు. మీ పత్రికలో రాసే స్త్రీలకు వ్యాసానికి ఎంత, కవితకు ఎంత ఇస్తున్నారో వచ్చే సంచికలో అచ్చువేయండి. ఇవ్వకపోతే ఆ మాటే వేయండి.

ఇట్లు,
ఒక చందాదారు,
రాజమహేంద్రవరం