తీగ వచ్చింది, బాధ్యత ఎవరిది?

మన రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. విద్యుత్ స్తంభాలపై తీగ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇంటింటికీ ఇంటర్నెట్ అందించాలన్నది దాని సంకల్పం.

అయితే తీగ గుమ్మం చేరినంత మాత్రాన అంతరం తొలగదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రి వెంట మిర్చి చేనుకు వెళితే, కూతురి పాఠం సంగతేమిటి?

స్పెయిన్‌లోని కాటలోనియా గ్రామీణులు 2004లో గీఫీ నెట్ అనే ఉమ్మడి వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. పరికరాలను తామే అమర్చుకుని, నిర్వహణ భారాన్ని పంచుకున్నారు. సోదర సోదరీమణులారా! మనం గ్రహించవలసింది ఈ ఉమ్మడి బాధ్యతనే. వాడకం తెలిసిన యువకులు వీధిలోని పెద్దలకు నేర్పాలి. ప్రతి ఇంటా సాయంత్రం ఒక గంట ఫోను ఆడపిల్ల చదువుకే దక్కాలి.