తప్పెట నేర్పేదుంటే అందరి పిల్లోళ్లకూ నేర్పండి!

నగరాల్లో పెద్ద పెద్ద బళ్లల్లో పిల్లోళ్లకు ‘జెంబే’ నేర్పిస్తారు. ఫీజు కట్టించుకొని మరీ నేర్పిస్తారు. అది చేతులతో వాయించే వాద్యం. పుట్టినిల్లు పడమటి ఆఫ్రికా, మాలీ, గినియా దేశాలు. తొలిచిన చెట్టు మొద్దుకు మేకతోలు బిగిస్తారు. దాన్ని వాయిస్తే పిల్లోళ్లకు ఏకాగ్రత వస్తుందంట, నలుగురితో కలవడం వస్తుందంట. వస్తుంది, కాదనం.

మాకు జెంబేతో తగాదా లేదు. ఆ నల్లోళ్ల వాద్యాలు మనకు చుట్టాలే. 1739లో అమెరికాలో, సౌత్ కరోలినాలోని స్టోనో నది దగ్గర బానిసలు డోళ్లు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటేడు 1740లోనే తెల్లదొరలు చట్టం చేసి బానిసలు డోలు వాయించకూడదన్నారు. డోలు మనుషుల్ని పిలుస్తుందని దొరకు తెలుసు.

మా తగాదా ఇక్కడోళ్లతో. మాలీ మేకతోలును ఒళ్లో పెట్టుకున్న చేతులు మన తప్పెట తోలు దగ్గరికొచ్చేసరికి ఎందుకు ముడుచుకుంటాయి?

మా జూపాడు బంగ్లా చుట్టుపక్కల తప్పెట బడిలోకి రానే రాదని కాదు. ఆఫీసరు వచ్చే రోజు వస్తుంది. ‘ఒరేయ్, మీ నాయన తప్పెట తెచ్చి నాలుగు దెబ్బలు కొట్రా’ అని లెక్కల పీరియడు నుంచి మాదిగ పిల్లోణ్ణి లేపుతారు. వాడు గేటు కాడ ఎండలో కొడుతుంటాడు. మిగతా పిల్లోళ్లు లెక్కలు చేసుకుంటుంటారు. దీనికి కళను ప్రోత్సహించడమని పేరు! ఇది వెట్టి. బడి గోడల లోపల వెట్టి.

మన పెద్దోళ్లు కొందరు వేరే మాట అంటున్నారు. ‘చావులకు కొట్టీ కొట్టీ మా చేతులు కాయలు కాసినాయి. బిడ్డల్ని బడికి పంపిందే ఆ కర్ర పట్టకుండా ఉండాలని. సార్లు మళ్లా పట్టిస్తారా?’ ఈ మాటను తోసెయ్యడానికి లేదు. 1953లో మన కర్నూలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే రాజాజీ ఒక పథకం తెచ్చినాడు. పల్లె పిల్లోళ్లకు రోజుకు మూడు గంటలే బడి, మిగతా పూట తండ్రి చేసే పని. పెరియార్ దాన్ని కులవిద్య అని ఎండగట్టినాడు. 1954లో కామరాజ్ ఎత్తేసినాడు. ‘మీ కళ మీరు నేర్చుకోండి’ అని ఎంత తియ్యగా చెప్పినా అందులో రాజాజీ దాక్కొని ఉన్నాడు.

అట్లని తప్పెటను పారేద్దామా? 1994లో ఈదుమూడిలో పుట్టిన దండోరా ఈ తప్పెటనే చంకకెత్తుకొని ఊరూరా తిరిగింది. సిగ్గుపడాల్సింది తప్పెట కాదు, దాన్ని ఒక్క కులం మెడకు కట్టినోళ్లు.

కాబట్టి మేం అడిగేది ఇదే. తప్పెట పాఠమైతే తరగతి మొత్తానికీ పాఠం కావాలి. రెడ్ల పిల్లోడు పట్టాలి, ఆడపిల్లలూ పట్టాలి. మంట ముందర కాచితే తోలు ఎందుకు బిగుస్తుందో, వానాకాలం మోత ఎందుకు చచ్చిపోతుందో సైన్సు సారు చెప్పాలి. పెండ్లి దరువుకూ చావు దరువుకూ దెబ్బల తేడా లెక్కల సారు ఎంచించాలి. దరువు నేర్పేది మాత్రం మేం కాదు, మాకంత రాదు. మాదిగ గేరిలోని తప్పెట పెద్దాయన నేర్పాలి. ఆయన్ని ‘ఏరా’ అనకుండా ‘సార్’ అనాలి, స్టాఫు రూములో కుర్చీ వెయ్యాలి, నేర్పిన ప్రతి దినానికీ జీతం ఇయ్యాలి. డప్పు కళాకారుల పింఛను 4000 ఇస్తున్నాం కదా అంటారేమో. పింఛను వేరు, జీతం వేరు.

ఊరి పెద్దలు ఒప్పుకోకపోతే? అప్పుడు మన పిల్లోడి చేతికీ తప్పెట ఇయ్యొద్దు. వాణ్ణి లెక్కల పీరియడులోనే కూర్చోబెట్టండి. ఆఫీసరు వస్తే హెడ్మాస్టరు గారే చప్పట్లు కొడతారు.