ఒకటిన్నర గదిలో దెయ్యం

"సినిమాల్లో కులమెక్కడుంది మేడమ్?" అని అడిగే పిల్లలకు నేను ముందు పాత పోస్టర్లు గుర్తు చేస్తాను. 1999లో 'సమరసింహారెడ్డి'. 2001లో 'నరసింహనాయుడు'. 2002లో 'చెన్నకేశవరెడ్డి'. కులం పేరు టైటిల్‌లోనే ఉంది. ఊరూరా గోడల మీద ఉంది. టికెట్ కొన్నవాళ్ళెవరూ వాటిని రెడ్డి సినిమా, నాయుడు సినిమా అనలేదు. ఫ్యాక్షన్ సినిమా అన్నారు. 1995లో వచ్చిన 'పెదరాయుడు'లో ఊరి పెద్ద తీర్పులు చెప్తుంటే ఊరంతా చేతులు కట్టుకుని వింటుంది. దాన్ని ఇంటిల్లిపాదీ చూసే ఫ్యామిలీ సినిమా అన్నారు.

2020లో కరుణకుమార్ 'పలాస 1978' తీశారు. అందులోనూ అన్నదమ్ములున్నారు, కత్తులున్నాయి, రౌడీయిజం ఉంది, మంచి పాటలున్నాయి. దాన్ని గ్యాంగ్‌స్టర్ సినిమా అనొచ్చు. కానీ అప్పటిదాకా కులం కనపడని కళ్ళకు ఆ రోజు ఒక్కసారిగా కనపడింది. 'దళిత సినిమా' అన్నారు.

సాహిత్యంలో మేం ప్రక్రియ అంటాం, సినిమావాళ్ళు జానర్ అంటారు. పేరేదైనా, అది ఖాళీ డబ్బా కాదు. ఎవరి కథ మామూలు కథ, ఎవరి కథ 'సమస్య' అనేది ఆ పేరు పెట్టేటప్పుడే తేలిపోతుంది. వాళ్ళు ప్రేమిస్తే లవ్ స్టోరీ. మనం ప్రేమిస్తే సామాజిక సందేశం.

ఈ ఆలోచన నాది మాత్రమే కాదు. నా దగ్గర డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒకమ్మాయి దీన్ని నాకంటే బాగా రాసింది. ఆమె ఒప్పుకుంది గనుకే, పేరూ ఊరూ లేకుండా ఇక్కడ చెప్తున్నాను. "మీరు చూసిన సినిమాల గురించి, తీయాలనుకునే సినిమా గురించి నాలుగు పేజీలు రాయండి" అని క్లాసులో అడిగితే ఈ పిల్ల పంతొమ్మిది పేజీలు రాసుకొచ్చింది.

ప్రేమ సినిమాల గురించి ఆమె గమనించింది ఇది. హీరో రాత్రిపూట గోడ దూకి హీరోయిన్ గదిలోకి వెళ్తాడు. దూకాలంటే ముందు ప్రహరీ గోడ ఉండాలి, ఆ పిల్లకు విడిగా ఒక గది ఉండాలి. తన పల్లెలో ఏ ఆడపిల్లకూ విడిగా గది లేదు. అక్కడ ప్రేమలన్నీ బోరింగు దగ్గరా, చర్చి మెట్ల మీదా, కూలికి వెళ్ళే ఆటోలోనూ మొదలవుతాయి. మరి ఆ ఆటో సీను ఇంతవరకూ ఎవరూ ఎందుకు తీయలేదు?

కామెడీ గురించి రాసింది ఇంకా సూటిగా ఉంది. తనకు తెలిసినవాళ్ళలో అందరికంటే బాగా నవ్వించేది వాళ్ళ నాయనమ్మట. కోతకు పోయిన చోట ఆసామి నడకను అనుకరిస్తే వరసలో ఉన్న ఆడవాళ్ళంతా కొడవళ్ళు కిందపెట్టి నవ్వుతారు. సినిమాలో మాత్రం నాయనమ్మలాంటి మనిషి కనపడితే ఆమెను చూసి నవ్వడమే తప్ప, ఆమె ఎవరినీ చూసి నవ్వదు.

ఇక దెయ్యాల సినిమాలు. ఈ పిల్లకు అవంటే ప్రాణం. 'చంద్రముఖి'లో బంగళా, 'అరుంధతి'లో గద్వాల సంస్థానం కోట. దెయ్యం ఉండాలంటే పెద్ద ఇల్లుండాలి, తాళం వేసిన గది ఒకటుండాలి, గోడకు నిలువెత్తు పటాలుండాలి. "మా ఇంట్లో ఒకటిన్నర గది ఉంది. ఆరుగురం ఉంటాం. దెయ్యం వస్తే నిలబడటానికి కూడా చోటుండదు. నా సినిమా అదే" అని రాసింది.

ఆమె కథ ఇది. పల్లెలో ఒక ముసలామె చనిపోతుంది. పల్లెకు శ్మశానం లేదు. ఎప్పుడూ కాలవ గట్టునే పాతిపెడతారు. ఈసారి గట్టు పక్క పొలం వాళ్ళు అడ్డం పడతారు. శవాన్ని చీకట్లో హడావుడిగా ఎక్కడో పూడ్చి వస్తారు. ముసలామె తిరిగొస్తుంది. ఎవరి మీదా పగ తీర్చుకోదు. పడుకోవడానికి ఆరడుగుల చోటు కావాలంతే. ఒకటిన్నర గదిలో ఆరుగురి మధ్య సర్దుకోలేక, రాత్రంతా "కాస్త జరగవే" అంటుంటుంది. చదువుతూ నేను పకపకా నవ్వాను. రెండు పేజీల తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఈ కథ పట్టుకుని ఆ పిల్ల ఒక షార్ట్ ఫిల్మ్ పోటీకి వెళ్ళింది. అక్కడ ఒక పెద్దమనిషి, "మీ వాళ్ళకు ఇన్ని సమస్యలున్నాయి కదమ్మా, దెయ్యం ఎందుకు? అత్యాచారం మీద తియ్యి, అవార్డులొస్తాయి" అన్నాడట. తర్వాత మన సంఘం అన్న ఒకాయనకు చెప్పింది. "చెల్లెమ్మా, దీనివల్ల ఉద్యమానికి ఏం ఉపయోగం? కారంచేడు తియ్యి, చుండూరు తియ్యి" అన్నాడట. ఇద్దరూ ఒకరికొకరు పడని మనుషులు. ఈ పిల్ల విషయానికి వచ్చేసరికి ఇద్దరి మాటా ఒకటే అయింది. నీకు కేటాయించిన ప్రక్రియ ఏడుపు, నీ సీట్లో నువ్వు కూర్చో.

నా గొడవ ఇక్కడే. కారంచేడు, చుండూరు తీయొద్దని నేననను. 1985 జులైలో, 1991 ఆగస్టులో ఏం జరిగిందో మన పిల్లలు తెర మీద చూడాలి. తీసేవాళ్ళు రావాలి. కానీ అది తీస్తేనే కెమెరా ముట్టుకోవాలి అనే షరతు మన పిల్లలకే ఎందుకు? పలుకుబడి ఉన్న ఇంటి కుర్రాడు రొమాంటిక్ కామెడీ తీస్తానంటే, "ముందు రైతు ఆత్మహత్యల మీద తీసి రా" అని ఎవరూ అనరు. వాడికి నవ్వే హక్కు పుట్టుకతో వచ్చింది. మనవాళ్ళు ముందు గాయాలు చూపించి ఆ హక్కు సంపాదించుకోవాలి.

తెలుగు సాహిత్యం చదివినదాన్ని కాబట్టి ఒక మాట చెప్తాను. 1941లో జాషువా 'గబ్బిలం' రాశారు. అందులో దుఃఖం ఉందని అందరూ చెప్తారు. ఆయన ఏ ప్రక్రియ ఎంచుకున్నారో కూడా చూడండి. సందేశకావ్యం. కాళిదాసు మేఘసందేశం నుంచి పండితులు నెత్తిన పెట్టుకున్న ప్రక్రియ. జాషువా దాన్ని పక్కన పెట్టలేదు, అడుక్కోలేదు, తీసుకున్నారు. మేఘం స్థానంలో గబ్బిలాన్ని పెట్టారు. అరుంధతీసుతుడికి గుడి తలుపు తెరుచుకోదు, గబ్బిలం మాత్రం దర్జాగా లోపలికి వెళ్ళి వేలాడుతుంది. అందుకే అది దూత అయింది. అపశకునం అని జనం తరిమే జీవితో కాశీలోని శివుడికి కబురు పంపాడు కవి. ఆ ఎంపికలో వ్యంగ్యం ఉంది, ఆట ఉంది, గడుసుతనం ఉంది.

అంతకుముందు నుంచే మన చిందు కళాకారులు జాంబపురాణం ఆడారు. సృష్టికంటే ముందే జాంబవంతుడు పుట్టాడని, బ్రాహ్మణుడితో వాదం పెట్టుకుని రాత్రంతా జనాన్ని నవ్వించారు. ఫాంటసీ మనకు ఎవరో కొత్తగా నేర్పాల్సింది కాదు.

పక్క రాష్ట్రాల్లో ఈ సంగతి ముందే గ్రహించారు. పా. రంజిత్ మొదటి సినిమా 'అట్టకత్తి', 2012లో వచ్చింది. వరసగా ప్రేమలో పడుతూ వరసగా దెబ్బతినే ఒక కుర్రాడి కామెడీ అది. ఆ తర్వాత 'మద్రాస్', ఆ తర్వాత ఉత్తర చెన్నై బాక్సింగ్ మీద 'సార్పట్టా పరంబరై', ఆ తర్వాత 'తంగలాన్'. ఒక్కోసారి ఒక్కో జానర్. మనుషులు మాత్రం అదే వాడ మనుషులు.

నాగరాజ్ మంజులే 2013లో 'ఫాండ్రీ' తీశాడు, పందుల్ని పట్టే ఇంటి పిల్లాడి కథ. 2016లో 'సైరాట్' తీసేటప్పుడు ఆర్కెస్ట్రా, డాన్సులు, బావిలోకి దూకే ప్రేమ, అన్నీ పెట్టాడు. మరాఠీలో అప్పటిదాకా ఏ సినిమాకూ రానంత డబ్బు వచ్చింది. నాలాంటి పంతులమ్మకు అందులో మర్చిపోలేని సీను ఒకటుంది. కాలేజీలో సారు దళిత కవిత్వం గురించి చెప్తుంటే, పాటిల్ కొడుకు క్లాసులోనే ఆ సారును చెంపమీద కొడతాడు. ప్రేమకథ మధ్యలో అర నిమిషం. ఉపన్యాసం లేదు. ఆ ప్రేమికులు పారిపోయి వచ్చింది ఎక్కడికో కాదు, మన హైదరాబాదుకే. చివరికి అక్కడికే చావు వెతుక్కుంటూ వచ్చింది. ముందు గంటన్నర మనల్ని అంత డాన్సు చేయించాడు కాబట్టే ఆఖరి నిశ్శబ్దం అంత భరించలేనిదయింది.

దెయ్యాల సంగతికే వద్దాం. 2011లో లారెన్స్ 'కాంచన'లో దెయ్యం ఎవరు? భూమి కోసం చంపేసిన ఒక ట్రాన్స్ మహిళ. జనం భయపడ్డారు, నవ్వారు, ఆమె పక్షాన నిలబడ్డారు. 2017లో అమెరికాలో జోర్డన్ పీల్ అనే నల్లజాతి కమెడియన్ 'గెట్ అవుట్' తీసి, ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ తీసుకున్నాడు. అదీ హారర్ సినిమానే. తెల్లవాళ్ళ ఇంటికి వెళ్ళిన నల్ల కుర్రాడి భయమే ఆ సినిమా. ఆ భయం మనకు కొత్తా? అగ్రహారంలో అద్దె ఇల్లు అడగబోయిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. జానర్ తీసుకోవడం అంటే మనల్ని మనం చెరిపేసుకోవడం కాదు. 'సైరాట్'ను 2018లో హిందీలో 'ధడక్'గా తీసినప్పుడు ప్రేమ ఉంచారు, పాటలు ఉంచారు, కులాన్ని మాత్రం చాలావరకు తుడిచేశారు. మిగిలింది అందమైన బొమ్మ. రేపు ఎవరైనా ఈ పిల్ల దగ్గరికొచ్చి "కథ బాగుందమ్మా, పల్లె బదులు బంగళా పెడదాం" అంటారు. అక్కడ మాత్రం ఒప్పుకోకూడదు. ఆ ఒకటిన్నర గది తీసేస్తే అందులో దెయ్యమూ ఉండదు, సినిమా ఉండదు.

ఇక డబ్బు. హారర్ చౌకగా తీయగలిగే జానర్. 'పారానార్మల్ యాక్టివిటీ' ఒక్క ఇంట్లో దాదాపు 15 వేల డాలర్లతో తీసిన సినిమా. చీకటి, ఇద్దరు ముగ్గురు మనుషులు, జాగ్రత్తగా రికార్డు చేసిన శబ్దం చాలు. మొదటి ప్రయత్నానికి ఫోన్ సరిపోతుంది. కానీ జీవితాంతం ఫోన్‌తోనే సరిపెట్టుకోమనడం మోసం. కేరళ ప్రభుత్వం తన చలనచిత్ర సంస్థ ద్వారా మహిళలకూ, ఎస్సీ, ఎస్టీ దర్శకులకూ సినిమాకు కోటిన్నర దాకా ఇస్తోంది. 2025 ఆగస్టులో ఒక సదస్సులో అడూర్ గోపాలకృష్ణన్ అంతటివాడు, ఆ డబ్బు యాభై లక్షలకు తగ్గించాలనీ, వీళ్ళకు ముందు శిక్షణ ఇవ్వాలనీ అన్నారు. గాయని పుష్పవతి ఆ సభలోనే లేచి అభ్యంతరం చెప్పారు. గొప్ప దర్శకుడే, కానీ డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ నోటి నుంచీ అదే మాట.

మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇస్తోంది. సంతోషం. అవార్డు సినిమా తీసినవాళ్ళకు వస్తుంది. గద్దర్ పుట్టినలాంటి ఇళ్ళ నుంచి సినిమా తీయాలనుకునే పిల్లలకు ఏమిస్తారు? ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. ఆ నిధుల్లో మన పిల్లల సినిమాలకు వాటా కావాలని రెండు రాష్ట్రాల్లోనూ విద్యార్థి సంఘాలు తమ డిమాండ్ల పత్రాల్లో రాయాలి. పుణెలో ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. రెండింట్లోనూ మనకు రిజర్వేషన్ సీట్లున్నాయి. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం చూసినట్టే వాటి ప్రవేశ పరీక్షల కోసం కూడా చూడండి. హాస్టల్లో నలుగురు కలిసి వారానికి ఒక సినిమా చూసి, ఏ సీను ఎందుకు అక్కడ పెట్టారో వాదించుకోండి. చదువంటే అదీ.

చివరగా సంఘాల్లో పనిచేసే అన్నలకూ అక్కలకూ ఒక మాట. మన పిల్లలెవరైనా దెయ్యం కథో, దొంగ కథో, నవ్వుల కథో పట్టుకుని మీ దగ్గరికి వస్తే "ఉపయోగమేంటి?" అని అడక్కండి. కూర్చోబెట్టి, "తర్వాత ఏమైంది?" అని అడగండి. అంబేద్కర్ జయంతి సభలో ఉపన్యాసాల తర్వాత ఒక గంట, ఒక తెర, ఒక ప్రొజెక్టర్ ఇవ్వండి.

ఈ పిల్ల సంక్రాంతి సెలవుల్లో షూటింగ్ పెట్టుకుంది. దెయ్యం వేషానికి వాళ్ళ నాయనమ్మ ఒప్పుకుందట. ఒకటే షరతు పెట్టిందట, తెల్లచీర కట్టనని, తనకు నచ్చిన ఎర్రంచు పచ్చచీరే కడతానని. కెమెరా పట్టుకోవడం వచ్చినవాళ్ళు, సౌండ్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు రాయండి.

జై భీమ్.