చుట్టాలొస్తేనే బీచ్‌కా?

విశాఖలో ఉంటున్న మీకో ప్రశ్న. ఆర్కే బీచ్‌కి ఆఖరుసారి ఎప్పుడు వెళ్లారు? చాలా ఇళ్లలో జవాబు ఒకటే. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చుట్టాలొచ్చినప్పుడు. వాళ్లకి కురుసుర సబ్‌మెరైన్ చూపిస్తాం, కైలాసగిరి ఎక్కిస్తాం, మురీ మిక్చర్ తినిపించి రైలెక్కిస్తాం. మళ్లీ ఇంకో చుట్టం వచ్చేదాకా సముద్రం ఊసే ఎత్తం.

సంతోషాన్ని కూడా మనం ఇలాగే చూస్తున్నాం. దానికేదో సందర్భం ఉండాలి. అబ్బాయికి సీటు రావాలి. మధురవాడలో కొన్న ఫ్లాటుకి గృహప్రవేశం చేయాలి. అమ్మాయి పెళ్లవ్వాలి. ఆఖరికి రిటైరవ్వాలి. అప్పటిదాకా సంతోషం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది.

పెద్ద సంతోషాలు వద్దని ఎవరూ అనరు. చిక్కేమిటంటే, మనసు వాటికి తొందరగా అలవాటు పడిపోతుంది. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి లాటరీ గెలిచిన కొందరిని పరిశీలించారు. వాళ్లు మిగతావారికన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, పొద్దున్నే టిఫిన్ లాంటి మామూలు విషయాల్లో వాళ్లకు కలిగే ఆనందం తక్కువగా ఉంది. ఎడ్ డైనర్ బృందం 1991లో చెప్పిన మాట కూడా దీనికి దగ్గరే. మనిషి సంతోషంగా ఉన్నాడా లేదా అన్నది ఒక్కసారి ఎంత ఆనందపడ్డాడన్న దానికన్నా, ఎన్నిసార్లు ఆనందపడ్డాడన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

షిఫ్టుల మీద నడిచే ఊరికి ఈ మాట మరీ అవసరం. గాజువాకలోనో ఉక్కునగరంలోనో ఒక ఇల్లు చూడండి. నైట్ షిఫ్టు చేసి నాన్న ఇంటికొచ్చేసరికి పిల్లలు బ్యాగులు తగిలించుకుని ఉంటారు. వాళ్లు ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఆయన మళ్లీ బయల్దేరతాడు. అమ్మ ఇద్దరికీ క్యారేజీలు కడుతూనే ఉంటుంది. ఈ ఇంట్లో అందరూ కలిసి టీ తాగే పావుగంట దానంతటదే దొరకదు. డాక్టరు అపాయింట్‌మెంట్‌లాగా ముందే అనుకుని పెట్టుకోవాలి.

అంతకుమించి ఖర్చేమీ లేదు. తెల్లవారుజామున బీచ్‌రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఆ రోడ్డు మధ్యలో నడిచే హక్కు మీకూ ఉంది. ఎంవీపీ కాలనీ రైతుబజారుకి ఒక్కరే పరుగున వెళ్లిరాకుండా అత్తగారినో పాపనో తోడు తీసుకెళ్లండి. సింహాచలం కొండ మీది పనస, అనాస, సంపెంగ వచ్చే రోజుల్లో వాటిని ఇంటికి తెండి. తినేటప్పుడు ఫోను పక్కన పెట్టండి, చాలు.

‘ఉద్యోగమే ఉంటుందో లేదో తెలియనప్పుడు సంపెంగ పూలేమిటండీ’ అంటారా? న్యాయమైన కోపమే. స్టీల్‌ప్లాంటులో వంద శాతం వాటాల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి ఎన్నో ఇళ్లలో నిద్ర తగ్గింది. ఆ దిగులుకి చిన్న సంతోషాలు జవాబు కావు. కానీ దిగులు ముందుగా ఎత్తుకుపోయేది వాటినే. సాయంత్రం నడక ఆగిపోతుంది, పక్కింటివారితో మాట తగ్గుతుంది, ఇంట్లో పాట వినపడదు. రేపటి పోరాటానికి ఓపిక కావాలన్నా ఇవాళ వీటిని వదులుకోకూడదు.

ఇంకో మాట. ఇది ఇంటివారి చేతుల్లో మాత్రమే ఉన్న పని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చెట్లను కూల్చేశాకే, రోజూ ఎంత నీడలో నడిచామో మనకు తెలిసింది. బొగ్గు, ఖనిజాల ధూళి ఇంట్లోకి వస్తోందని పోర్టు పక్కన పాతనగరం వారు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. కిటికీ తీయలేని ఇంటివారిని సముద్రపు గాలి ఆస్వాదించమంటే వెటకారమే అవుతుంది. చెట్టు, ఫుట్‌పాత్, పార్కు, శుభ్రమైన గాలి కూడా ఆరోగ్యశాఖ విషయాలే అనుకుని అడగాలి.

ఒక జాగ్రత్త. ఇదివరకు నచ్చినవేవీ రెండు వారాలకు పైగా నచ్చకపోతే, నిద్ర, ఆకలి దెబ్బతింటే అది డిప్రెషన్ కావచ్చు. అలాంటప్పుడు ‘కాస్త బీచ్‌కి వెళ్లిరా’ అని సరిపెట్టకండి. టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వెళ్లడానికి మొహమాటం అక్కర్లేదు.

మిగతావారంతా ఈ వారం షిఫ్టులు, ట్యూషన్లు ముందేసుకుని, ఇంట్లో అందరికీ కలిసొచ్చే ఒక్క అరగంట వెతకండి. దొరికితే దాన్ని ఇంకే పనికీ ఇవ్వకండి.