‘బహుశా’ అనే మాట ఎక్కడ పోయింది?

2003 మార్చి 20న ఇరాక్ మీద అమెరికా, బ్రిటన్ సైన్యాలు దాడి మొదలుపెట్టే నాటికి ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఇంకా పుట్టలేదు. పుట్టినవాళ్లకి ఊహ తెలీదు. అయినా ఆ యుద్ధం మాట ఎక్కడ వచ్చినా ఇప్పటికీ రెండు పార్టీలు తయారవుతాయి. "బుష్ అబద్ధం చెప్పి యుద్ధం చేశాడు" అనేది ఒక పార్టీ. "అబద్ధం కాదు, నిజంగానే నమ్మాడు, నమ్మింది తప్పయింది, అంతే" అనేది రెండోది. అమెరికా, బ్రిటన్‌లలో రాజకీయ నాయకులూ, చర్చి పెద్దలూ ఇరవై ఏళ్లుగా వాదించుకుంటున్నది కూడా దీని గురించే.

ఈ రెండు పార్టీలూ అసలు ప్రశ్నని దాటేశాయని నా అభిప్రాయం. నమ్మాడా లేదా అన్నది ఒకడి మనసులోని సంగతి, దాన్ని మనం తెరిచి చూడలేం. చూడగలిగేది వేరే ఉంది. చేతిలో ఉన్న ఆధారం ఎంత, దాన్ని ఎంత గట్టిగా చెప్పారు? ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే నిజాయితీకి కొలత. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం కూడా అబద్ధమే, చెప్పినవాడు ఎంత మంచివాడైనా సరే.

ఒక్క ఉదాహరణ తీసుకుందాం. మనకి బాగా అర్థమయ్యే ఉదాహరణ.

2001లో ఇరాక్‌కి వెళ్తున్న అల్యూమినియం గొట్టాలు జోర్డాన్‌లో పట్టుబడ్డాయి. 7075-టీ6 మిశ్రమలోహం, బయటి వ్యాసం 81 మిల్లీమీటర్లు, పొడవు 900. మెకానికల్ వాళ్లకి ఈ లోహం కొత్త కాదు, విమాన భాగాలకి వాడేదే. ఇవి యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లలో రోటర్ల కోసమని సీఐఏ తేల్చింది. కాదు, మామూలు రాకెట్ల కోసమని అమెరికా ఇంధన శాఖ నిపుణులు చెప్పారు. సెంట్రిఫ్యూజ్‌లతో నిజంగా పని చేసిన అనుభవం ఉన్నది ఆ శాఖ ప్రయోగశాలల్లోని వాళ్లకే. వాళ్ల వాదన సూటిగా ఉంది. ఇరాక్ అప్పటికే 81 మిల్లీమీటర్ల రాకెట్లు తయారు చేస్తోంది. సెంట్రిఫ్యూజ్‌కి ఈ గొట్టాల గోడలు మరీ మందం. పైన ఉన్న అనొడైజింగ్ పూత రాకెట్ తుప్పు పట్టకుండా కాపాడుతుంది గానీ, సెంట్రిఫ్యూజ్‌కి దాంతో పనిలేదు.

ఈ అనుమానాలు 2001 నుంచే కాగితం మీద ఉన్నాయి. 2002 అక్టోబర్‌లో వచ్చిన రహస్య నివేదికలో కూడా ఇంధన శాఖ, విదేశాంగ శాఖ నిఘా విభాగం తమ అసమ్మతి నమోదు చేశాయి. కానీ బయట ప్రజలు విన్నది వేరు. 2002 సెప్టెంబర్ 8న జాతీయ భద్రతా సలహాదారు కండోలీజా రైస్ టీవీలో ఈ గొట్టాలు అణ్వాయుధ కార్యక్రమానికి తప్ప ఇంకెందుకూ సరిపోవన్నట్టు మాట్లాడారు. 2003 ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ భద్రతా మండలిలో ఈ విషయం మీద భేదాభిప్రాయాలు ఉన్నాయని ఒప్పుకున్నారు, అది ఆయన గొప్పే. కానీ వెంటనే, ఎక్కువమంది నిపుణులు సెంట్రిఫ్యూజ్ కోసమే అంటున్నారని కలిపారు. తలలు లెక్కపెట్టి చెప్పారు గానీ, వాటిలో ఆ పని తెలిసిన తలలు ఎన్నో చెప్పలేదు. మార్చి 7న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ అదే మండలిలో, ఈ గొట్టాలు రాకెట్లకి కాక ఇంకొకదానికి అనడానికి ఆధారం దొరకలేదని చెప్పారు. నైజర్ నుంచి ఇరాక్ యురేనియం కొనబోయిందని చూపించే పత్రాలు అసలైనవి కావని కూడా చెప్పారు. ఇంకో రెండు వారాలు తిరక్కుండానే బాంబులు పడ్డాయి.

ల్యాబుల్లో ఒక విద్య ఉంటుందని వినికిడి. గ్రాఫ్ ఎలా రావాలో ముందే చూసుకుని, దానికి సరిపడే రీడింగులు వెనక నుంచి నింపుకుంటూ రావడం. ఏ కాలేజీలో అని అడక్కండి. ఆ రికార్డులో గీత మీద పడని రీడింగు ఒక్కటీ మిగలదు, చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. 2002 జులై 23న లండన్‌లో బ్రిటన్ ప్రధాని సమావేశం మినిట్స్‌లో దాదాపు ఇదే మాట ఉంది. అప్పుడే వాషింగ్టన్ వెళ్లొచ్చిన బ్రిటన్ నిఘా అధిపతి, అక్కడ విధానానికి తగ్గట్టు సమాచారాన్నీ వాస్తవాలనీ అమరుస్తున్నారని చెప్పినట్టు అందులో రాశారు. 2005లో అది బయటపడింది. ల్యాబ్ రికార్డు తప్పైతే మార్కులు పోతాయి. ఇక్కడ దాదాపు 4,500 మంది అమెరికా సైనికులు, 179 మంది బ్రిటన్ సైనికులు, లక్షకి పైగా ఇరాకీ పౌరులు పోయారు.

రెండో పార్టీ వాదన కూడా న్యాయంగా వినాలి. సద్దాం హుస్సేన్ 1988 మార్చిలో హలబ్జా పట్టణం మీద విషవాయువు వదిలి వేలమంది కుర్దులని చంపించాడు. తనిఖీదారులతో ఏళ్ల తరబడి దాగుడుమూతలు ఆడాడు. యుద్ధం వద్దన్న దేశాల నిఘా సంస్థలకి కూడా అతని మీద అనుమానాలు ఉన్నాయి. విశ్లేషకులు రాజకీయ ఒత్తిడికి లొంగి తమ నిర్ణయాలు మార్చుకున్నారనడానికి ఆధారం దొరకలేదని 2004లో అమెరికా సెనేట్ కమిటీ తేల్చింది. ఇవన్నీ నిజాలే. అందుకే "కావాలని అబద్ధం చెప్పాడు" అనే మాటని నేను అంత తేలిగ్గా అనలేను.

కానీ అనుమానం వేరు, రుజువు వేరు. బ్రిటన్‌లో రాబిన్ కుక్ మాజీ విదేశాంగ మంత్రి, అప్పటికి కేబినెట్‌లోనే ఉన్నారు. మామూలు అర్థంలో సామూహిక విధ్వంసక ఆయుధాలనదగ్గవి ఇరాక్ దగ్గర బహుశా లేవని పార్లమెంటులో చెప్పి, 2003 మార్చి 17న రాజీనామా చేశారు. చూశారా, ఆయన కూడా ‘బహుశా’ అనే అన్నారు. యుద్ధం కావాలన్నవాళ్ల నోటి నుంచే ఆ మాట మాయమైంది. 2004లో బట్లర్ కమిటీ, ఆ నిఘా సమాచారం మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు దాని మీద పెట్టారంది. సివిల్ వాళ్లకి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. 2016 జులై 6న వచ్చిన చిల్‌కాట్ నివేదిక, ఇరాక్ నుంచి ఉన్న ముప్పుని ఆధారాలకి మించిన నిశ్చయంతో ప్రజల ముందు పెట్టారని తేల్చింది. అబద్ధం అనే మాట వాడకుండానే ఆ నివేదిక అసలు తప్పు ఎక్కడుందో చూపించింది.

ఇంతకీ మత పెద్దలు ఏమన్నారు? చిత్రంగా వాళ్లు కూడా రెండుగా చీలిపోయారు. బుష్ మెథడిస్ట్. ఆయన చర్చి బిషప్పులే యుద్ధం వద్దన్నారు. 2002 అక్టోబర్‌లో సదరన్ బాప్టిస్ట్ నాయకుడు రిచర్డ్ లాండ్, మరో నలుగురు మాత్రం ఇది న్యాయమైన యుద్ధమే అవుతుందని బుష్‌కి ఉత్తరం రాశారు. 2003 జనవరి 13న పోప్ రెండో జాన్ పాల్, యుద్ధం ఎప్పుడూ మానవాళి ఓటమే అని దౌత్యవేత్తల ముందు చెప్పారు. మార్చి 5న తన దూతగా కార్డినల్ పియో లాగీని బుష్ దగ్గరికి పంపించారు. ఈలోపు మైకేల్ నోవాక్ అనే కేథలిక్ పండితుడు రోమ్ వెళ్లి మరీ యుద్ధం న్యాయమైనదేనని వాదించి వచ్చారు. అందరి చేతిలో ఉన్నది ఒకే బైబిలు. అందరూ తలుచుకున్నది అగస్టీన్, అక్వినాస్‌లనే.

వాళ్ల సంప్రదాయంలో యుద్ధం న్యాయమైనది కావాలంటే అధికారం ఉన్నవాడు ప్రకటించాలి, సరైన కారణం ఉండాలి, మంచి ఉద్దేశం ఉండాలి. తర్వాతి కాలంలో వేరే దారి లేనప్పుడే చేయాలన్న షరతు కూడా చేరింది. ‘ఆధారాల గురించి నిజం చెప్పాలి’ అని ఈ జాబితాలో విడిగా ఎక్కడా ఉండదు. నాకు ఇదే పెద్ద లోటుగా కనిపిస్తుంది. ఎందుకంటే సరైన కారణం ఉందా లేదా అని ఆలోచించే పాస్టర్‌కి గానీ, పోప్‌కి గానీ సొంత నిఘా సంస్థ లేదు. ప్రభుత్వం ఇచ్చిన లెక్క మీదే ధర్మాధర్మాలు తేల్చాలి. ఇచ్చిన డేటాయే తప్పైతే, ఎంత గొప్ప సూత్రంలో వేసినా జవాబు తప్పే వస్తుంది. అందుకే ఆ ఉత్తరం రాసినవాళ్లని నేను మోసగాళ్లు అనను. వాళ్ల మనస్సాక్షిని కూడా ప్రభుత్వం వాడుకుంది అంటాను.

మంచి ఉద్దేశం అనేదాన్నయితే ఎవడైనా తన చాటున దాచుకోవచ్చు. 2006లో టోనీ బ్లెయిర్ ఒక టీవీ కార్యక్రమంలో, ఇరాక్ విషయంలో తన మీద దేవుడు కూడా తీర్పు చెబుతాడన్న అర్థంలో మాట్లాడారు. దేవుడి తీర్పు సరే. కానీ 2003 మార్చి 18న యుద్ధానికి ఓటు వేసింది 412 మంది ఎంపీలు. వాళ్లకి ప్రధాని మనసులో ఏముందో కనిపించదు, ఆయన చేతికిచ్చిన పత్రమే కనిపిస్తుంది.

మన దగ్గర ఈ చర్చ వేల ఏళ్ల నాటిది. ద్రోణుడి ముందు ధర్మరాజు అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అని, ఏనుగు అన్న ముక్కని వినపడకుండా గొణిగాడు. లెక్క ప్రకారం అది అబద్ధం కాదు. అయినా అంతవరకూ నేల తాకకుండా నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణం నేల మీదకి దిగిందని చెబుతుంది కథ. ఆయన పక్షం ధర్మపక్షమే, గెలిచింది కూడా. అయినా కథ ఆయన్ని వదల్లేదు. రహస్య నివేదికలో అసమ్మతి రాసిపెట్టి, టీవీలో మాత్రం రుజువైపోయినట్టు మాట్లాడటం కూడా ఇలాంటిదే. ‘కుంజరః’ అన్నారు, ఎవరికీ వినపడలేదు.

అసలు అబద్ధం చెప్పినవాడు కూడా ఒకడున్నాడు. ‘కర్వ్‌బాల్’ అనే మారుపేరుతో జర్మనీ నిఘా సంస్థకి సమాచారం ఇచ్చిన ఇరాకీ. కెమికల్ ఇంజినీర్. జీవాయుధాలు తయారుచేసే లారీలు ఉన్నాయని చెప్పాడు. పావెల్ ప్రసంగంలోకి ఆ మాట ఎక్కేసింది, సీఐఏ అతనితో నేరుగా మాట్లాడకుండానే. 2011లో అదంతా కల్పితమని, సద్దాంని దించడానికే చెప్పానని అతనే ఒప్పుకున్నాడు. ఉద్దేశం అడిగితే అతనిదీ మంచిదే! 2004లో అమెరికా పంపిన తనిఖీ బృందమే ఆయుధ నిల్వలు లేవని తేల్చింది.

ఆ తర్వాత చాలామంది మాట మార్చారు. ఆయుధాలు లేకపోతే ఏం, ఒక నియంత పోయాడు కదా అన్నారు. నియంతని దించడమే కారణమైతే ఆ కారణమే చెప్పి ఓటు అడగాల్సింది. జనం ఒప్పుకునేవారో లేదో అది వేరే సంగతి. కానీ ఒక కారణం చూపించి అప్పు తీసుకుని, ఇంకో కారణానికి ఖర్చుపెట్టి, ఫలితం బాగుంది కదా అంటే ఏ బ్యాంకూ ఒప్పుకోదు.

ఇదంతా ఎక్కడో జరిగింది, మనకెందుకు అనొచ్చు. ఇరాక్ పక్కనే ఉన్న కువైట్‌లో మన కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎంతమంది పనిచేస్తున్నారో మీకు తెలుసు. 2003లో ఆ కువైట్ వైపు కూడా క్షిపణులు వచ్చాయి. పైగా, ఆధారం చూపించండి అని అడిగినవాణ్ని దేశం మీద ప్రేమ లేనివాడనడం ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు. కాబట్టి ఎప్పుడైనా, ఎవరైనా, ఏ దేవుడి పేరు మీదైనా, ఏ జెండా కిందైనా యుద్ధం తప్పదంటే రెండు విషయాలు అడుగుదాం. ఈ పని తెలిసినవాళ్లలో కాదన్నవాళ్లు ఎవరు? అసలు కాగితంలో ‘బహుశా’ అని ఉన్నది మీ ప్రసంగంలో ఏమైంది? ఇవి అడగడానికి యుద్ధ వ్యతిరేకి కానక్కర్లేదు, యుద్ధం అవసరమే అనుకునేవాళ్లే ముందు అడగాలి. నాతో ఒప్పుకోనివాళ్లు తర్వాతి సంచికకి రాయండి, మీరు ఎంత నిశ్చయంగా చెబుతున్నారో కూడా కలిపి.