ఆ పదో వంతు జాగ ఎవరిది?

ఈ వారం ఎల్లారెడ్డిలో ఓ కాలనీ మూల మీద ‘మున్సిపల్ ఖాళీ స్థలం’ అన్న బోర్డు చూసి కడుపు మండింది. బోర్డు కాళ్లకు తుప్పు, చుట్టూ సర్కారు తుమ్మ, వయ్యారిభామ, పగిలిన సీసాలు. లేఅవుట్ వేస్తే పదో వంతు నేల జనం కోసం వదలాలి. అది మున్సిపాలిటీ పేర రిజిస్టర్ కావాలని 2019 మున్సిపల్ చట్టం చెప్తోంది. పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం పెట్టాలని చెప్పిందీ ఆ చట్టమే. మరి ఆ జాగలో తుమ్మలెందుకు మొలుస్తున్నాయి?

ఈ జాగల గుట్టు తెలిసినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. వాళ్లు టౌన్ ప్లానింగ్‌లో జీవితమంతా పనిచేసి రిటైరైన అధికారులు. ఏ సర్వే నంబర్లో ఎంత వదిలారో, వాన నీళ్లు ఏ వాలున పోతాయో వాళ్లకు నోటికొచ్చు. అయ్యా, మీరు సంతకం పెట్టిన జాగలోకే ఇప్పుడు గడ్డపార పట్టుకుని రండి. కాలనీ వాళ్లను వెంటేసుకోండి. మొరం పోసిన నేల తవ్వి, చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి విత్తితే మొదటి వానకే పుంటికూర లేస్తుంది. గోడ పొడవునా బీర, చిక్కుడు పాకుతాయి. పక్కనున్న అంగన్‌వాడీకి కూర కొనే పని తప్పుతుంది. కుర్చీ దిగాక ఏం చేయగలమంటారా? వనజీవి రామయ్యకు ఏ కుర్చీ ఉండేదని? విత్తనాలు చల్లుకుంటూ తిరిగిన ఆ మనిషిని 2017లో పద్మశ్రీ వెతుక్కుంటూ వచ్చింది.

మట్టి తెలియని ప్లానింగ్ ఏం చేస్తుందో కామారెడ్డి చూసింది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా పచ్చని పొలాలను పారిశ్రామిక జోన్‌లో కలిపితే 2023 జనవరిలో రైతులు రోడ్డెక్కారు. అడ్లూర్ ఎల్లారెడ్డి గ్రామ రైతు ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాతే పాలకవర్గం ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. పొలం గట్టు మీద ఒక్క పూట కూర్చున్నవాడు అలాంటి గీత గీయడు. అదే కామారెడ్డిలో 2025 ఆగస్టు చివర్లో కాలనీలు మునిగాయి. నీళ్లు ఇంకే నేల ఎక్కడ మిగిల్చాం?

అసలు పాపం లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్‌ది. పార్కుకు జాగ వదలని అక్రమ లేఅవుట్లో ఆ జాగకు బదులు ప్లాటు విలువలో 14 శాతం కడితే సరిపోయిందట! సొమ్ము ఖజానాకు చేరింది. పిల్లలు ఆడుకునే నేల మాత్రం తిరిగి రాలేదు. డబ్బు తీసుకుని తప్పును ఒప్పు చేసే పద్ధతి ఇకనైనా ఆగాలి.

ఎల్లారెడ్డి, కామారెడ్డి మున్సిపాలిటీలు రెండూ వార్డులవారీగా ఖాళీ స్థలాల జాబితా గోడ మీద అంటించాలి. రిటైరైన ప్లానర్లకు, కాలనీ సంఘాలకు వాటిని రాతపూర్వకంగా అప్పగించాలి. అప్పగించని ప్రతి జాగా రేపు కబ్జా అవుతుంది. అప్పుడు బాధ్యులెవరో ఇప్పుడే రాసి పెట్టుకుందాం.